మొదటి రోజు ఎవరు మాట్లాడతారు?

స్త్రీవాద విమర్శ పాఠ్యపుస్తకాలను వదల్లేదు. అమ్మ వంటింట్లో, నాన్న పేపరు చదువుతూ కుర్చీలో కూర్చున్న బొమ్మల్ని పట్టుకుని నిలదీసింది. సినిమా పాటల్ని, పెళ్లి మంత్రాల్ని, సామెతల్ని, వారపత్రికల్లో డాక్టరు సలహాల్ని కూడా చదివింది. ఎక్కడ మాట ఉంటే అక్కడ అధికారం ఉంటుందని మనం నేర్చుకున్నది అలాగే. ఏటా జూన్ రెండో వారంలో బడులు తెరిచినప్పుడు కొత్తగా హైస్కూల్లో చేరిన పిల్లల ముందు టీచర్లం నిలబడి చేసే ప్రసంగం కూడా అలాంటి పాఠ్యమే. అది అచ్చు కాదు, ఎవరూ దాచుకోరు. కానీ ఒక పదకొండేళ్ల అమ్మాయికి చదువు అనే వ్యవస్థ తనని తాను పరిచయం చేసుకునే మొదటి వాక్యాలు అందులోనే ఉంటాయి. దాన్ని ఓరియెంటేషన్ అంటున్నాం. తెలుగులో పరిచయ కార్యక్రమం అనో, అవగాహన తరగతులు అనో రాస్తున్నాం.

ఆ ఇంగ్లీషు మాట పుట్టుకలో తూర్పు దిక్కు ఉంది. తూర్పు ముఖంగా నిలబెట్టడం దాని మొదటి అర్థం. అంటే ఎటు తిరగాలో తెలియని వాళ్లని తెలిసినవాళ్లు తిప్పడం. తిప్పేవాళ్లకి అన్నీ తెలుసని, తిరిగేవాళ్లకి ఏమీ తెలియదని ముందే ఒప్పేసుకున్న మాట అది. ఈ ఒప్పుదల ఎంతవరకు నిజమో చూడాలంటే తూర్పు కనుమల్లోకే వెళ్లడం మంచిది.

టైడా అనంతగిరి మండలంలో చిన్న ఊరు. 2022 ఏప్రిల్ దాకా విశాఖపట్నం జిల్లా, ఇప్పుడు పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లా. అరకు వెళ్లే పర్యాటకులకి ఇది కొత్తవలస-కిరండూల్ రైలు మార్గంలో ఒక స్టేషను, ఘాట్ రోడ్డు పక్కన పర్యాటక శాఖ వారి జంగిల్ బెల్స్ కాటేజీలు. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపాన్ పంపడానికి 1960ల్లో వేసిన లైను ఇది. 2017లో దీని మీద అద్దాల విస్టాడోమ్ పెట్టె కూడా వచ్చింది. కొండల్ని, లోయల్ని, దారి పక్కన అడ్డాకుల మోపులు మోస్తున్న ఆడవాళ్లని అద్దంలోంచి చూస్తూ జనం పైకి వెళతారు.

ఆ ఆడవాళ్ల కూతుళ్లు ఐదో తరగతి అయ్యాక ఆరో తరగతికి ఆశ్రమ పాఠశాలల్లో చేరతారు. టైడా చుట్టుపక్కల గూడేల నుంచి పిల్లలు వచ్చే అలాంటి ఒక బాలికల బడిలో మూడు రోజుల పరిచయ కార్యక్రమానికి సాయం చేయమని, కింద మైదానంలో తెలుగు చెప్పే నన్ను పిలిచారు. ఆ బడి పేరు ఇక్కడ అవసరం లేదు. అక్కడ జరిగినది మన బడులన్నిటిలో జరిగేదే. ఆ మూడు రోజుల పాఠ్యాన్ని మరో మూడు పుస్తకాల పక్కన పెట్టి చదవడమే ఈ వ్యాసం పని.

ముందు నా చేతికి ఇచ్చిన కాగితం. అందులో క్రియలన్నీ రెండు రకాలు: చేయవలెను, చేయరాదు. ఐదింటికి లేవవలెను. వరుసలో నిలబడవలెను. అనుమతి లేకుండా గేటు దాటరాదు. బయటి తినుబండారాలు తేరాదు. గదుల్లో గట్టిగా మాట్లాడరాదు. పిల్లలు 'మీరు', బడి మాత్రం ఎక్కడా 'మేము' కాదు. బడి చేయాల్సిన పనికి కర్త లేదు: భోజనం పెట్టబడును, పుస్తకాలు ఇవ్వబడును. భోజనం రాకపోతే ఎవరిని అడగాలో ఆ వాక్యంలో లేదు. నియమం ఉన్న చోటల్లా బాధ్యురాలు అమ్మాయి. హక్కు ఉన్న చోట కర్త మాయమవుతుంది. వ్యాకరణం ఇంత పని చేస్తుందని తెలుగు టీచర్లకి వేరే చెప్పక్కర్లేదు.

తర్వాత అడ్మిషన్ రిజిస్టరు. ఒక అమ్మాయి గురించి బడి రాసే మొదటి రచన అది. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, కులం, మాతృభాష, పుట్టుమచ్చలు. పుట్టుమచ్చల గడి నింపడానికి టీచరు పిల్ల చెయ్యి పట్టుకుని చూస్తుంది, మెడ పక్కకి తిప్పి చూస్తుంది. ఆ అమ్మాయి శరీరంతో బడికి మొదటి పరిచయం గుర్తింపు చిహ్నంగానే. మాతృభాష గడిలో పై వరుసలో తెలుగు అని రాసి, కింద దాకా అదే అన్న గుర్తులు పెట్టుకుంటూ పోయారు. ఆ వరుసలో ఇంట్లో ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్లున్నారు, కువి మాట్లాడేవాళ్లున్నారు. కొండదొరల్లో చాలా కుటుంబాలు తెలుగులోకే వచ్చేశాయి కాబట్టి అక్కడ తెలుగు నిజమే. కానీ ఆ నిజాన్ని అందరి మీదా పరిచేస్తే ఏమవుతుంది? అర్థం కాక తలొంచుకున్న అమ్మాయి లెక్కల్లో తెలుగమ్మాయి. అంటే ఆమెకి తెలుగు రాకపోవడం ఇక ఆమె మందబుద్ధి అవుతుంది గాని, మరో భాష తెలిసి ఉండటం కాదు.

పేర్ల సంగతీ అంతే. ఈ కొండల్లో పుట్టిన వారాన్ని బట్టి సోంబారి, గురుబారి, సుక్రి అని పెట్టుకునే అలవాటు ఉంది. చిన్నబడిలోనే కొందరి పేర్లు మారిపోయి వస్తాయి. మారనివాళ్లని ఇక్కడ అడుగుతారు, 'ఇదేం పేరు, మంచి పేరు ఏదీ లేదా?' అని. అడిగేవాళ్లకి దురుద్దేశం ఏమీ ఉండదు. రేపు పదో తరగతి సర్టిఫికెట్లో నలుగురిలో నవ్వులపాలు కాకూడదనే ప్రేమే. ఆ నలుగురు ఎవరు, ఎందుకు నవ్వుతారు అన్న ప్రశ్న మాత్రం ఆ ప్రేమకి తట్టదు.

ఇక్కడ నాకు జిత్కలా-షా గుర్తొచ్చింది. అమెరికాలో యాంక్టన్ డకోటా తెగలో 1876లో పుట్టిన రచయిత్రి. ఎనిమిదేళ్ల వయసులో, 1884లో, ఇండియానా రాష్ట్రంలోని ఒక క్వేకర్ మిషన్ బోర్డింగ్ స్కూలుకి వెళ్లింది. 1900లో 'అట్లాంటిక్ మంత్లీ' పత్రికలో వరసగా మూడు ఆత్మకథాత్మక వ్యాసాలు రాసింది. బాల్యం గురించి ఒకటి, బడి రోజుల గురించి ఒకటి, తానే టీచరైన రోజుల గురించి ఒకటి. బడి వ్యాసంలో రైలు ప్రయాణం ఉంది. పెట్టెలో తెల్లవాళ్లు ఈ పిల్లల్ని వింతగా చూస్తుంటారు. వాళ్ల పిల్లలు వేలు పెట్టి చూపిస్తుంటారు. బడిలో మొదటి రోజే జుట్టు కత్తిరిస్తారని ఇంగ్లీషు కొద్దిగా అర్థమయ్యే స్నేహితురాలు విని వచ్చి చెబుతుంది. తన వాళ్లలో జుట్టు పొట్టిగా ఉండేది చావు మైలలో ఉన్నవాళ్లకి, పిరికిపందలకి. ఆ పిల్ల మేడ మీద ఒక గదిలో మంచం కింద దాక్కుంటుంది. బయటికి లాగి, కుర్చీకి కట్టి, జడలు కత్తిరిస్తారు.

ఆమెని చదివేటప్పుడు అందరం కత్తెర దగ్గర ఆగుతాం. నన్ను ఆపింది కత్తెర కాదు. ఆ రోజు ఆ బడిలో ఎవరూ ఆమెతో ఆమె భాషలో ఒక్క మాట చెప్పలేదు. ఏం జరగబోతోందో, ఎందుకు జరుగుతోందో చెప్పింది స్నేహితురాలు మాత్రమే. అసలైన ఓరియెంటేషన్ చేసింది ఆ పిల్లే. బడి చేసింది స్వాధీనం చేసుకోవడం.

మన ఆశ్రమ పాఠశాలల్ని ఆ బోర్డింగ్ స్కూళ్లతో సమానం చేయడం తప్పు. అక్కడ పిల్లల్ని వాళ్ల జాతి నుంచి వేరు చేయడమే ప్రకటించుకున్న లక్ష్యం. కెనడాలో అలాంటి బడుల చరిత్రకి 2008లో ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. ఇక్కడ కథ వేరు. సీటు కోసం తల్లులు కొండ దిగి కాగితాలు పట్టుకుని తిరుగుతారు. ఊళ్లో ఐదు దాకే బడి ఉంటే, పై చదువు కావాలంటే హాస్టలే దారి. ఇంట్లో ఉంటే చంటి తమ్ముణ్ణి ఎత్తుకోవడం, గెడ్డ నుంచి నీళ్లు మోయడం, పదిహేనేళ్లకి పెళ్లి. హాస్టల్ గేటు ఆ అమ్మాయికి కొన్నింటిని మూసేస్తుంది, కొన్నింటిని తెరుస్తుంది. రెండో దాన్ని చూడకుండా మొదటి దాన్ని మాత్రమే విమర్శిస్తే, చదువుకుని ఉద్యోగంలో ఉన్న మనం చదువు వద్దని చెప్పినట్టవుతుంది.

గోగు శ్యామల 'రడం' కథ ఈ విషయంలో మనకి దారి చూపిస్తుంది. కూతురు జోగిని కాకుండా కాపాడుకోవడానికి ఆ తండ్రి ఎంచుకున్న దారి హాస్టల్. ఊరి పెత్తందార్ల కోపానికి ఎదురు నిలిచి పిల్లని అక్కడ చేరుస్తాడు. మన సాహిత్యంలో హాస్టల్ అంటే పురుగుల అన్నం, వార్డెన్ బెత్తం అన్న చిత్రాలకి ఇది ఒక సవరణ. దళిత, ఆదివాసీ ఆడపిల్లకి హాస్టల్ ఒక ఆశ్రయం కూడా. అయితే ఆశ్రయం ఇచ్చాం కాబట్టి నోరు మూసుకుని ఉండమనే హక్కు ఆశ్రయానికి ఉందా? పుట్టింట్లో, అత్తింట్లో ఆడవాళ్లని ఈ మాటతోనే కదా ఇన్నాళ్లూ ఆపింది? నీడ ఇచ్చాం, తిండి పెట్టాం, ఇంకేం కావాలి అని. ఆ వాక్యం హాస్టల్ గోడ మీద కూడా కనపడకుండా రాసి ఉంటుంది. ఓరియెంటేషన్ ప్రసంగం దాన్నే చదివి వినిపిస్తుంది.

మొదటి రోజు సాయంత్రం ప్రసంగాలన్నీ అయ్యాక 'ఏమైనా సందేహాలున్నాయా?' అని అడిగాం. ఒక్కరూ నోరు విప్పలేదు. పక్కనున్న టీచరు 'వీళ్లు మాట్లాడరు మేడం, సిగ్గు' అంది. అరగంట తర్వాత కుళాయి దగ్గర అదే పిల్లలు తమ భాషలో గలగల మాట్లాడుకుంటున్నారు. సిగ్గు కుళాయి దాకా వెళ్లేసరికి ఎక్కడికి పోయింది? మౌనం స్వభావం కాదని, అది ఒక సన్నివేశంలో తయారవుతుందని స్త్రీవాదం మనకి నేర్పిన మొదటి పాఠాల్లో ఒకటి. రచయిత్రుల విషయంలో మనం దాన్ని బాగానే వాడాం. 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు స్త్రీశక్తి సంఘటన చేసిన పని ఆడవాళ్లని మాట్లాడించడం మాత్రమే కాదు, వాళ్లు మాట్లాడగలిగే చోటుకి వెళ్లి కూర్చోవడం. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్లు అంతకు ముందు మూగవాళ్లేమీ కాదు. అడిగినవాళ్లు లేరు, అంతే.

రెండో రోజు హెడ్మిస్ట్రెస్ గారు ఒక మార్పుకి ఒప్పుకున్నారు. తొమ్మిదో తరగతి అమ్మాయిల్ని కొత్త పిల్లల మధ్య కూర్చోబెట్టాం. ఒకే వైపు ఊళ్ల వాళ్లు ఒక గుంపు. టీచర్లం వరండా చివర కూర్చున్నాం. ఏ భాషలోనైనా మాట్లాడుకోవచ్చన్నాం. తర్వాత ఆ పెద్ద పిల్లలు వచ్చి, చెల్లెళ్లు ఏమేం అడిగారో మాకు తెలుగులో చెప్పారు.

ఆ ప్రశ్నలు వింటే మా రెండు పేజీల కాగితం ఎంత గుడ్డిదో అర్థమవుతుంది. రాత్రి బాత్రూముకి వెళ్లాలంటే ఎవరిని లేపాలి? మా అక్క ఏడులో ఉంది, తన పక్కన పడుకోవచ్చా? జ్వరం వస్తే ఇంటికి ఎవరు చెబుతారు? అమ్మ సంత రోజున ఇటు వస్తుంది, ఆ రోజు ఆదివారం కాదు, గేటు తీస్తారా? ఇంటి నుంచి తెచ్చిన చోడి పిండి పారేస్తారా? అన్నం దగ్గర మన మాట మాట్లాడితే కొడతారా? నెలసరి వస్తే గుడ్డలు ఎక్కడ ఉతకాలి? ఇటుకల పండక్కి సెలవు ఇస్తారా? ఒక అమ్మాయి అడిగిందట: 'నాకు ఇక్కడ నచ్చలేదనుకో అక్కా, ఎవరికి చెప్పాలి?'

మేము చెప్పినదాంట్లో నిద్ర లేచే సమయం ఉంది, రాత్రి భయం లేదు. ఆరోగ్య సూత్రాలు ఉన్నాయి, జ్వరం వచ్చిన పిల్ల ఒంటరితనం లేదు. 1098 చైల్డ్‌లైన్ నంబరు గోడ మీద రాసి చూపించాం, పోక్సో చట్టం 2012లో వచ్చిందని కూడా చెప్పాం. ఫోను ఉన్నది మాత్రం వార్డెన్ గదిలో. చెప్పుకోవాల్సిన ఫిర్యాదు ఆ గది గురించే అయితే ఆ నంబరు అమ్మాయికి ఏ విధంగా పనికొస్తుంది? నెలసరి సంగతీ చూడండి. 2021 అక్టోబరులో రాష్ట్రంలో మొదలైన 'స్వేచ్ఛ' పథకం ఏడో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా చదివే అమ్మాయిలకి నాప్కిన్లు ఇవ్వడానికి. ఆరో తరగతిలో అడుగుపెట్టిన రోజే ఆ ప్రశ్న అడిగిన పిల్ల ఆ లెక్కలో లేదు. పథకం రాసినవాళ్లు మంచి ఉద్దేశంతోనే రాశారు. అడిగి రాసి ఉంటే తరగతి అంకె మారేది.

ఇక నా మూడో పుస్తకం. జపాన్ నటి తెత్సుకో కురొయానాగి 1981లో రాసిన 'తొత్తోచాన్'. మన తెలుగులో 'రైలుబడి'. టీచర్ల శిక్షణల్లో ఈ పుస్తకం పేరు తలవని వాళ్లుండరు. ఇనుప ఖనిజం టైడా మీదుగా జపాన్ వెళుతుంటే అక్కడి నుంచి మనకి వచ్చిన మంచి వస్తువుల్లో ఇదొకటి. మొదటి బడిలోంచి పంపేసిన అల్లరి పిల్ల. కిటికీ దగ్గర నిలబడి వీధి వాద్యగాళ్లని పిలిచిందని, డెస్కు మూత పదేపదే తెరిచి మూస్తోందని ఫిర్యాదు. తల్లి ఆమెని తొమోయె అనే బడికి తీసుకెళుతుంది. వాడకంలో లేని రైలు పెట్టెలే అక్కడ తరగతి గదులు. హెడ్మాస్టర్ కొబయాషి తల్లిని ఇంటికి పంపేసి, కుర్చీ దగ్గరికి లాక్కుని, నీకు ఏం చెప్పాలనిపిస్తే అది చెప్పమంటాడు. ఆ పిల్ల తన గౌను గురించి, కుక్క గురించి, ముక్కు చీదడం గురించి ఇక చెప్పడానికి ఏమీ మిగలనంతవరకు చెబుతుంది. నాలుగు గంటలు. ఆయన ఆవలించడు, గడియారం చూడడు. తర్వాత ఇక నువ్వు ఈ బడి పిల్లవే అంటాడు.

ఈ ఘట్టాన్ని మనం సాధారణంగా మంచి మాస్టారి కథగా చదువుతాం. కళ్లు తుడుచుకుని పుస్తకం మూస్తాం. నాకు అలా చదవడం సరిపోదనిపిస్తుంది. అక్కడ జరిగింది ఒక క్రమం తారుమారు కావడం. మామూలుగా బడి ముందు మాట్లాడుతుంది, పిల్లని చేర్చుకుంటుంది, ఆ తర్వాత ఎప్పుడైనా తీరిక దొరికితే వింటుంది. తొమోయెలో ముందు వినడం, తర్వాత చేర్చుకోవడం. వినడం అక్కడ దయ కాదు, ప్రవేశ విధానం. అడ్మిషన్ రిజిస్టరు ఉండాల్సిన చోట నాలుగు గంటల వినికిడి ఉంది.

అయితే తొమోయెని టైడా పక్కకి తెచ్చి పెట్టగానే దాని హద్దులూ కనిపిస్తాయి. అది టోక్యోలో, మొత్తం యాభై మంది పిల్లలున్న ప్రైవేటు బడి. మాట్లాడే పిల్లకీ వినే పెద్దాయనకీ భాష ఒకటే. ఇద్దరిదీ నగరమే. ఆ పిల్ల పేరు చూసి ఎవరూ నవ్వరు. 'నలుగురం టీచర్లం, ఇంతమంది పిల్లలు. ఒక్కొక్కరికి నాలుగు గంటలంటే దసరా సెలవులొస్తాయి' అని అక్కడి టీచరు అన్న మాటకి ఆ పుస్తకంలో జవాబు లేదు. పైగా అంతా ఒక్క మంచి మనిషి మీద ఆధారపడింది. 1945 బాంబు దాడిలో తొమోయె కాలిపోయింది, ఆ పద్ధతీ దానితో ఆగిపోయింది. మంచివాళ్ల మీద నడిచే వ్యవస్థలు మంచివాళ్లతోనే పోతాయని ఆడవాళ్లకి ఇంట్లోనే తెలుసు. మామగారు మంచివాడైతే కోడలికి చదువు, కాకపోతే లేదు. అలాంటి మంచితనాన్ని హక్కుగా మార్చుకోవడానికే కదా ఇన్ని ఉద్యమాలు.

కాబట్టి వినడం వ్యవస్థలోకి ఎలా రావాలి అన్నది అసలు ప్రశ్న. అక్కడే భాష, ఉద్యోగం, చట్టం వస్తాయి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో బహుభాషా విద్యా కార్యక్రమం మొదలైంది. సవర, కొండ, కువి, కోయ, కొలామి, గోండి, ఆదివాసీ ఒడియా, బంజారా అనే ఎనిమిది భాషల్లో తెలుగు లిపిలో వాచకాలు తయారయ్యాయి. అది చిన్న తరగతుల కోసం. పిల్ల ఇంటి భాష మీద నిలబడి తెలుగులోకి నడవాలన్నది ఆలోచన. మంచి ఆలోచనే. కానీ దానిలో ఇంటి భాష ఒక మెట్టు, ఎక్కేశాక వదిలేసేది. హైస్కూలు గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆ మెట్టు కూడా ఉండదు. సరిగ్గా పిల్ల ఇల్లు వదిలి హాస్టల్‌కి వచ్చే వయసులో, భయాన్ని, కడుపునొప్పిని, అవమానాన్ని చెప్పుకోవాల్సిన వయసులో, ఆమె భాష తెలిసిన పెద్దమనిషి బడిలో ఉంటుందన్న హామీ లేదు.

ఆ హామీకి కొంత దగ్గరగా వచ్చినది 2000 జనవరి 10న వచ్చిన జీవో నంబరు 3. షెడ్యూల్డు ప్రాంతాల బడుల్లో టీచరు ఉద్యోగాలు నూరు శాతం స్థానిక షెడ్యూల్డు తెగల వాళ్లకే అని, అందులో మూడో వంతు ఆడవాళ్లకి అని ఆ జీవో చెప్పింది. మైదానం టీచర్లు సగం రోజులు బడికి రాకపోవడం, వచ్చినా పిల్లల మాట అర్థం కాకపోవడం దాని వెనకున్న అనుభవం. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ జీవోని కొట్టేసింది. నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగబద్ధం కాదంది, అప్పటికే జరిగిన నియామకాలను షరతులతో ఉంచింది. ఆ తీర్పు మీద జరిగిన చర్చంతా ఉద్యోగాల గురించి. ఉద్యోగాలు ముఖ్యమే. కానీ ఆరో తరగతిలో చేరిన అమ్మాయి వైపు నుంచి చూస్తే పోయినది ఇంకొకటి కూడా. తన భాషలో 'ఏమైందమ్మా?' అని అడగగలిగే ఒక మేడం. ఆ మూడో వంతు ఆడవాళ్లని మనం ఉద్యోగార్థులుగా లెక్కపెట్టాం, వినేవాళ్లుగా లెక్కపెట్టలేదు.

జిత్కలా-షా మూడో వ్యాసం ఇక్కడ మళ్లీ పనికొస్తుంది. ఆమె కార్లైల్ అనే పేరుమోసిన బోర్డింగ్ స్కూల్లో టీచరైంది. తన వాళ్ల దగ్గరికి వెళ్లి పిల్లల్ని బడికి తెమ్మని ఆమెనే పంపారు. బయటివాళ్ల బడిలో లోపలి మనిషి టీచరుగా ఉండటం ఎంత కష్టమో ఆమె రాసింది. కాబట్టి ఆదివాసీ టీచరుని పెట్టగానే అంతా చక్కబడదు. కాగితం అదే అయితే ఆమె కూడా చేయవలెను, చేయరాదు అనే చదవాలి. మనిషీ మారాలి, కాగితమూ మారాలి.

కాగితంలో ఏం ఉండాలో ఆ కొండలే చెబుతాయి. టైడాకి దగ్గర్లోనే బొర్రా. ఆ పంచాయతీ చుట్టుపక్కల గిరిజన భూముల్లో గనుల లీజుల మీద నడిచిన కేసులోనే 1997 జూలై 11న సుప్రీంకోర్టు సమత తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి గనుల కోసం లీజుకివ్వడానికి వీల్లేదని చెప్పిన ఆ తీర్పు దేశమంతటా చదువుతారు. దేశానికి ఒక చట్టవాక్యం ఇచ్చిన మండలం పిల్లలకి మనం గేటు దాటరాదు అన్న వాక్యంతో చదువు మొదలుపెడుతున్నాం. మీ ఊరివాళ్లు ఇంత పని చేశారు, ఆ తీర్పు చదివేంత తెలుగు, ఇంగ్లీషు ఇక్కడ నేర్చుకుందాం అని మొదలుపెడితే ఆ అమ్మాయి వీపు ఎంత నిటారుగా ఉంటుంది? అది కూడా దిక్కు చూపించడమే. తిప్పడం కాదు, ఆమె నిలబడ్డ చోటునే ఒక దిక్కుగా ఒప్పుకోవడం.

హైదరాబాదు అన్వేషి సంస్థ 2008లో 'డిఫరెంట్ టేల్స్' పేరుతో తెచ్చిన పిల్లల పుస్తకాల వెనక ఉన్నదీ ఈ ఆలోచనే. దళిత, ముస్లిం పిల్లల ఇళ్లు, తిండి, బడి అనుభవాలు కథలుగా వచ్చాయి. పుస్తకం తెరిస్తే మన ఇల్లు కనపడటం ఏమిటో ఆ పిల్లలకి తెలిసింది. కొండ మీది హాస్టల్ అమ్మాయి రాసిన కథ, ఆమె భాషలో ఆమె చెప్పిన మొదటి రోజు, మన పత్రికల్లో ఇంకా రావాలి. ఆమె గురించి మైదానం నుంచి వెళ్లిన నాలాంటి వాళ్లం రాసినవి ఎన్ని ఉన్నా ఆ లోటు తీరదు.

చివరిగా ఒక మాట గురించి. జూలై వచ్చేసరికి ప్రతి ఆశ్రమ బడిలో కొందరు అమ్మాయిలు ఉండరు. వాళ్ల గురించి స్టాఫ్ రూములో అనే మాట 'పారిపోయింది'. ఖైదీ పారిపోతాడు, పనిపిల్ల పారిపోతుంది, ప్రేమించిన అమ్మాయి పారిపోతుంది. గడప దాటిన ఆడదానికి మన భాష దాచి ఉంచిన క్రియ ఇది. ఘాట్ రోడ్డు వెంబడి పదకొండేళ్ల పిల్ల ఒంటరిగా ఇంటికి నడిచి వెళ్లడం భయపడాల్సిన విషయమే. దారిలో ఏమైనా జరగవచ్చు. అందుకే ఆ మాట మార్చాలంటున్నాను. 'పారిపోయింది' అంటే తప్పు ఆమెది, విచారణ అక్కడితో ఆగిపోతుంది. 'ఆమె చెప్పింది, మనం వినలేదు' అంటే విచారణ అక్కడ మొదలవుతుంది. నచ్చకపోతే ఎవరికి చెప్పాలి అని మొదటి రోజే అడిగిన పిల్లకి జవాబు చెప్పగలిగితే, ఆమె కాళ్లతో చెప్పాల్సిన పని ఉండదు.

ఆ జవాబుకి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. పెద్ద పిల్లలే చెల్లెళ్లకి మొదటి వారం నడపాలి. వాళ్లకి అది పనిగా, గౌరవంగా గుర్తించాలి. తల్లులు మొదటి రాత్రి పిల్లలతో ఉండటానికి చోటు ఇవ్వాలి. మాతృభాష గడి అడిగి నింపాలి. పేరు అమ్మాయి పలికినట్టే రాయాలి. ఫోను వార్డెన్ గది బయట ఉండాలి. ఇంటి భాష తెలిసిన ఒక మహిళా టీచరు ప్రతి హాస్టల్‌లో ఉండటం కోర్టు తీర్పు తర్వాత కూడా ఏ దారిలో సాధ్యమో వెతకాలి. మిగిలినది టీచర్లం మేము చేయాల్సింది: జూన్‌లో ఆ కాగితం చేతికి వచ్చినప్పుడు దాన్ని చదవడానికి ముందు, ఎదురుగా కూర్చున్నవాళ్లు తమ ప్రశ్నలు పూర్తిగా అడిగేదాకా ఆగడం.